చూసే అన్నావా?

కళ్ళు మూసుకోమంటే మూసుకున్నారు, ముందు బెంచీలో కూర్చునే బుద్ధిమంతుడిలా, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈయన ఒక్క మాటకే వినడం ఇదే మొదటిసారి, అదీ నా మాట కాదు, కంట్లో చుక్కలు వేసిన నర్సు మాట. పావుగంటకోసారి మొత్తం మూడు సార్లు వేస్తుందట, కంటిపాప బాగా విచ్చుకున్నాక గానీ డాక్టరు లోపలికి పిలవడట. అంటే తక్కువలో తక్కువ గంటసేపు, ఈ ఇనప కుర్చీల్లో, పక్కపక్కన. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. బయట మంచు ఇంకా పూర్తిగా విడవలేదు, తలుపు తెరుచుకున్నప్పుడల్లా చలి కాళ్ళ మీదుగా పాకి వస్తోంది. నేను ఈయన ముఖం చూస్తూ కూర్చున్నాను. ఇంత వెలుతురులో, ఇంత తీరిగ్గా ఎప్పుడు చూశాను గనక! గూడ్సు బండి నడిపే మనిషి, రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటారు, పడుకున్నప్పుడు ముఖం మీద నల్ల తువ్వాలు. తువ్వాలు లేకుండా కళ్ళు మూసుకుంటే ఎవరో కొత్తాయనలా ఉన్నారు. ఎడమ కనుబొమలో ఒక తెల్ల వెంట్రుక మిగతావాటిని దాటుకుని పొడుగ్గా పెరిగింది, ఇంటికి వెళ్ళాక కత్తిరించాలి. నాలుగు రోజుల్లో సెలవు అయిపోతుంది, మళ్ళీ బండి ఎక్కాలి. ఎక్కవచ్చో ఎక్కకూడదో ఆ తలుపు వెనకున్న డాక్టరు చెప్పాలి. వెంట్రుక సంగతి ఆలోచించుకోవడమే నయం.

ఈ చలికాలం సెలవులు ఇక్కడికి వచ్చి తేలతాయని ఎవరనుకున్నారు. మా బడికి పన్నెండు రోజులు, ఈయన కూడబెట్టుకున్న సెలవులు కూడా సరిగ్గా ఆ పన్నెండు రోజులకే దొరికాయి. ఇద్దరం ఒకేసారి ఇన్నాళ్ళు ఇంట్లో ఉండడం మా అమ్మాయి పుట్టినప్పటి తరవాత మళ్ళీ ఇదే. మొదటి రోజే ఇల్లు పీకి పందిరి వేశారు. బీరువా తలుపు కిర్రుమంటోందని ఊడదీశారు, ఊడదీశాక మరలు కనబడలేదు, మరల కోసం మంచం జరిపారు, మంచం కింద ఎప్పుడో పోయిన నా చెవిదిద్దు దొరికింది. ఆ ఒక్క దిద్దు చూపించి సాయంత్రం దాకా గొప్పలు పోయారు. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు వరసలో నిలబెట్టి ఒక్కోదానికీ చీటీ అంటించారు. పంచదార అని ఉన్న డబ్బాలో ఉప్పు ఉంది, ఆ కాఫీ నేనే తాగాను. ఈ ప్యాసింజరు మా స్టేషన్లోంచి ఎప్పుడు కదులుతుందో అని నెత్తి కొట్టుకుంటే, గూడ్సు వాణ్ణి పట్టుకుని ప్యాసింజరంటావా అని దెబ్బలాడారు. పైకి విసుక్కున్నానే గానీ లోపల నాకెంత బాగుందో నాకే తెలుసు. పొద్దున ఎనిమిదింటికి వంటింటి కిటికీలోంచి ఎండ వచ్చి మూడో గచ్చుపలక మీద పడేది, ఇద్దరం రెండు కుర్చీలు వేసుకుని కాఫీ గ్లాసులతో అక్కడ కూర్చునేవాళ్ళం, ఎండ జరిగిన కొద్దీ కుర్చీలు జరుపుకుంటూ పదింటికి అలమర దాకా వెళ్ళేవాళ్ళం. నా కుర్చీ ఎండకి ఎదురుగా వేసి, తను మాత్రం కిటికీకి వీపు పెట్టి కూర్చునేవారు. నాకు చలెక్కువని ఎంత కనిపెట్టుకుని ఉన్నారో అని మురిసిపోయాను.

ఎదురు కుర్చీలో ఒక ముసలామె తన వంతు ఎప్పుడొస్తుందో అని రెప్పల సందుల్లోంచి దొంగచూపు చూస్తోంది. "అమ్మా, మూసుకోవాలి" అని నర్సు దూరం నుంచే కేకేసింది. ఆ కేక వినగానే పక్కన ఈయన పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు గానీ నాకు తెలుసు, "మూసుకోవాలి" అని తిరిగి అన్నారు. అలవాటు. రైలింజనులో ఇద్దరు మనుషులుంటారు, ముందు సిగ్నలు కనబడగానే ఒకరు దాని రంగు పైకి గట్టిగా చెప్పాలి, రెండోవాళ్ళు తమ కళ్ళతో చూసి అదే మాట తిరిగి అనాలి. ఒకరు పొరబడితే రెండోవారు పట్టుకోవడానికి ఆ ఏర్పాటు. మంచిదే, ఇంజనులో. ఈయన దాన్ని ఇంటికి తెచ్చారు. పెళ్ళయిన మూడో రోజు బయటికి వెళ్ళబోతూ వంటింటి గుమ్మంలో నిలబడి "స్టవ్వు ఆరింది!" అని అరిచారు, నేను అదిరిపడ్డాను. ఇంకోసారి అరిచారు. ఎవరితో చెబుతున్నారో తెలియక వెనక్కి తిరిగి చూశాను. అప్పుడు మా అత్తగారు గదిలోంచి అన్నారు, "వాడంతేనమ్మా, నువ్వు కూడా ఆరింది అనెయ్, గొడవొదిలిపోతుంది." అనేశాను. స్టవ్వు ఆరింది. ఆ తరవాత వెనక తలుపు గడియ పడింది, కుళాయి ఆగింది, తాళం పడింది. ఇరవై ఆరేళ్ళుగా తానా అంటే తందానా. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, చెప్పులు వెతుక్కుంటూ, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, తల ఎత్తకుండా. మా అమ్మాయికి మాటలొచ్చిన కొత్తలో ఎవరైనా ఏమన్నా "పడింది" అనేది, మూతి ముడిచి, పెద్ద ఆరిందాలా. ఇప్పుడు వేరే ఊళ్ళో చదువుకుంటూ ఫోన్లో అడుగుతుంది, నాన్న ఇంకా అరుస్తున్నారా అని.

అసలు ఈ విషయంలో నా తప్పుకి క్షమ లేదు. నేను మూడో తరగతి టీచర్ని, పిల్లలు నా పేరు మర్చిపోయి ఎక్కాల టీచరంటారు. నలభై మంది ఒక్క గొంతుతో ఏడో ఎక్కం అప్పజెబుతుంటే అందులో ఎవరు చెబుతున్నారో, ఎవరు ఊరికే పెదవులాడిస్తున్నారో నాకు తెలియదా? ఉన్నట్టుండి చెయ్యెత్తి ఆపేస్తాను, ఆగగానే ఎవడి ముఖం తెల్లబోతే వాడే దొంగ. అలా ఏటా పది మందిని పట్టుకుంటాను. ఇంట్లో మాత్రం వెనక బెంచీలో కూర్చుని పెదవులాడించాను, నన్ను పట్టుకునే టీచరు లేదు. ఈయనకు ఆ అనుమానమే లేదు, అదీ బాధ. నేను అన్నానంటే చూసే అన్నాననుకున్నారు.

నర్సు రెండోసారి వచ్చింది. తల వెనక్కి వాల్చారు, చుక్క పడింది, చెంప మీదికి జారిన తడిని నేను కొంగుతో అద్దాను. "మంటగా ఉందా?" అన్నాను. "లేదు, చల్లగా ఉంది" అన్నారు, కళ్ళు తెరవకుండానే నా చెయ్యి ఎక్కడుందో వెతుక్కుని దాని మీద చెయ్యి వేశారు. అరచెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. ఈ అరచెయ్యి. సెలవుల్లో మూడో రోజు ఈ అరచేతినే చూశాను.

ఆ పొద్దున షికారుకి బయల్దేరాం. గుమ్మంలో ఎప్పటిలా "స్టవ్వు ఆరింది" అన్నారు, నేను చలికోటు గుండీలు పెట్టుకుంటూ "స్టవ్వు ఆరింది" అన్నాను. గంట తిరిగి వచ్చేసరికి వీధి మలుపులోనే మాడు వాసన. పాలగిన్నె బొగ్గులా నల్లబడిపోయింది, దాని పిడి కరిగి కారింది, ఇంకో పావుగంట ఆలస్యమైతే ఏమయ్యేదో. కిటికీలు తెరిచి, పొగ తోలి, గిన్నె పెరట్లోకి విసిరేసి, ఆ తరవాత మొదలైంది. మీరన్నారు కదా అని నేను, నువ్వూ అన్నావు కదా అని ఈయన. "చూసే అన్నావా?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. నేను పక్కగదిలోకి వెళ్ళి, అక్కడ చెయ్యడానికేమీ లేక మళ్ళీ వచ్చాను, వచ్చి వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఈయన స్టవ్వు వెలిగించి మంట బాగా తగ్గించి దాని ముందు నిలబడి ఉన్నారు. స్టవ్వు కిటికీ కిందే ఉంటుంది, ఎండ కళ్ళలోకి సూటిగా కొడుతోంది. తల అటు వంచారు, ఇటు వంచారు, కళ్ళు చికిలించారు. ఆ తరవాత అరచెయ్యి చాపి మెల్లగా మంట మీదికి తెచ్చారు, వేడి ఎక్కడ తగులుతుందో అని. మంట ఉందో లేదో చేత్తో చూసుకుంటున్నారు. వెనక్కి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళిపోయి, మంచం మీద కూర్చుని, ఉతికిన బట్టలు మడత పెట్టాను, మడత పెట్టినవే మళ్ళీ విప్పి పెట్టాను.

అప్పట్నుంచి అన్నీ కనబడడం మొదలైంది, కళ్ళు పోయింది ఈయనకైతే చూపొచ్చింది నాకు. షికారులో "టీచరమ్మా, ఆ బోర్డు మీదేముందో చదువు చూద్దాం" అని ఆటపట్టించేవారు, నేను ముద్దుముద్దుగా చదివి పెట్టేదాన్ని. అది ఆట కాదు. పేపరు పెద్ద అక్షరాల దాకా చూసి మడిచేసేవారు, లోకంలో కొత్తగా ఏం జరిగి చచ్చిందిలే అనేవారు. అది వైరాగ్యం కాదు. ఉప్పు డబ్బా సంగతి సరే. ఆ కుర్చీ, కిటికీకి వీపు పెట్టిన కుర్చీ. ప్రేమ అనుకున్నది కంటికి ఎండ ఓర్వలేకపోవడమా అని మొదట ఒళ్ళు మండింది, తరవాత నవ్వొచ్చింది. రెండూ కావచ్చు కదా, నాకు చలి నిజమే, నాకు ఎండ తగలడమూ నిజమే. అయినా రెండు రోజులు ఏమీ అనలేకపోయాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఈయన మొండితనం నాకు తెలియనిదా. ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. ఇంజనులోంచి దింపేస్తే ఈ మనిషి ఏమైపోతాడు? దించకపోతే? ఆ రెండో ప్రశ్న రాగానే ఒంట్లో చలి పుట్టేది, దుప్పటి కప్పుకున్నా పోయేది కాదు. రైల్వేవాళ్ళ కంటి పరీక్ష కిందటేడే అయింది, మళ్ళీ రెండేళ్ళకి గానీ పిలవరు, ఈలోపు ఎవరూ అడగరు. నేను తప్ప.

చివరికి నేను అడగనే లేదు. అయిదో రోజు పొద్దున "స్టవ్వు ఆరింది" అన్నారు గుమ్మంలోంచి, నేను తిరిగి అనలేదు. ఇంకోసారి అన్నారు. నేను చెప్పులు విడిచి, వంటింట్లోకి నడిచి వెళ్ళి, స్టవ్వు ముందు వంగి రెండు పొయ్యిలూ చూసి, మర తిప్పి చూసి, అప్పుడు "స్టవ్వు ఆరింది" అన్నాను. లేచి చూస్తే గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు. "ఎందుకు వంగి చూశావు?" అన్నారు. "ఇకనుంచి చూసే అంటాను. ఇన్నాళ్ళూ చూడలేదు, తప్పు నాది" అన్నాను. షికారు మానేశాం. కుర్చీలు వేసుకుని కూర్చున్నాం, ఎండ అలమర దాకా వెళ్ళి దాన్నీ దాటిపోయినా జరపలేదు. ఎంతసేపటికో తనే చెప్పారు. "వానాకాలం నుంచి దీపాలకి మీసాలు మొలుస్తున్నాయి. సిగ్నలు దీపం చుట్టూ ఇలా పొడుగ్గా గీతలు. రంగు తెలుస్తుందిలే, దగ్గరికొస్తే తెలుస్తుంది. ఈమధ్య నా అసిస్టెంటునే ముందు చెప్పమంటున్నా, అతను చెప్పింది నేను తిరిగి అంటున్నా." "చూసే అంటున్నారా?" అన్నాను. నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. ఈయన నా వైపు చూడలేదు. "వెనక యాభై ఎనిమిది పెట్టెలుంటాయి" అన్నారు, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు కదండీ అన్నాను, కాకముందే తెలిసింది కదా అన్నాను, చేతులు కాలాక ఆకులు పట్టుకునేకంటే గిన్నె మాడాక కళ్ళు చూపించుకోవడం ఎంత మేలు అన్నాను. "దింపేస్తే ఏం చెయ్యను? డబ్బాలకి చీటీలంటించుకుంటూ కూచోనా?" అంటే, "మీరు మాత్రం చీటీలు అంటించకండి, దణ్ణం పెడతాను" అన్నాను, ఇద్దరం నవ్వాం, నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది. ఆ తరవాత మూడు రోజులకి ఈ ఆసుపత్రిలో వేళ దొరికింది.

మూడో చుక్క వేశారు. ముసలామె లోపలికి వెళ్ళి నవ్వుకుంటూ బయటికొచ్చింది, ఆమె కోసం వచ్చిన మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నర్సు మమ్మల్ని పిలిచింది. నేనూ లేచాను గానీ ఈయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. "నువ్వుండు, నేనొక్కణ్ణే వెళతా" అన్నారు. నర్సు చెయ్యి పట్టుకోబోతే వద్దని, గోడ వెంట వేళ్ళు రాస్తూ నడిచి వెళ్ళారు. తలుపు మూసుకుంది. ఇప్పుడు పక్క కుర్చీ ఖాళీ, దాని మీద ఈయన మఫ్లరు. దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరూ లేరు కాబట్టి ఒక నిజం ఒప్పుకోవాలి. నాలో ఒక మూల, చాలా చిన్న మూలే, ఆ డాక్టరు ఇక బండి ఎక్కకూడదని చెబితే బాగుండునని కోరుకుంటోంది. అర్ధరాత్రి పిలుపులుండవు, నల్ల తువ్వాలు ఉండదు, నేను బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో దీపం వెలుగుతూ ఉంటుంది, పొద్దున్నే రెండు కుర్చీలు. ఈ ఎనిమిది రోజులు ఎంత బాగున్నాయో, గిన్నె మాడిన రోజుతో సహా. మొగుడికి ప్రాణమైన పని పోవాలని కోరుకునే పెళ్ళాం ఉంటుందా? ఉంది, ఇదుగో, మఫ్లరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సిగ్గేసింది. వద్దు, ఆయన కళ్ళు బాగుంటే చాలు, ఎక్కితే ఎక్కనీ, ఎప్పట్లా ఇంటికొచ్చి నేనే దీపం వేసుకుంటాను అనుకున్నాను. ఎవరికి చెబుతున్నానో తెలియదు గానీ గట్టిగానే అనుకున్నాను. గడియారంలో ముల్లు కదలడం లేదేమో అని అనుమానమొచ్చి, లేచి దాని కిందకి వెళ్ళి మరీ చూశాను. కదులుతోంది.

తలుపు తెరుచుకుంది. నల్ల కళ్ళజోడు పెట్టారు, అట్టతో చేసింది, చెవుల మీద సరిగా నిలవక ముక్కు మీదికి జారుతోంది. సినిమాలో దొంగలా ఉన్నారు. నేను ఏమీ అడగకుండానే దగ్గరికొచ్చి, ఖాళీ కుర్చీ వెతుక్కుని కూర్చుని, సిగ్నలు చెప్పినట్టు ఒక్కొక్క మాటే చెప్పారు. "రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషను చేస్తారు. ముందు కుడిది, నెలకి ఎడమది. చూపొస్తుందన్నాడు." నేను చెయ్యి పట్టుకుని, తడబడకుండా తిరిగి అన్నాను, "చూపొస్తుందన్నాడు." "బండి సంగతి మటుకు మా రైల్వే డాక్టరు చూడాలట, అప్పుడు. ఎక్కించచ్చు, ఎక్కించకపోవచ్చు." జారుతున్న కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "సెలవు పెంచమని రాయాలి. ఎందుకో కూడా ఉన్నదున్నట్టు రాయాలి, వానాకాలం నుంచి అని. నేను చెబుతాను, నువ్వు రాయి. సాయంత్రం దాకా నాకు అక్షరాలు కనబడవట." రాస్తానన్నాను. ఇంత కష్టమైన మాట ఇంత మామూలుగా అనేశారు, మా తరగతిలో అయితే బోర్డు మీద పేరు రాసి చప్పట్లు కొట్టించేదాన్ని. మఫ్లరు మెడకి చుట్టాను, గట్టిగా చుట్టావంటే వదులు చేశాను.

బయట మంచు విడిపోయి ఎండ కాస్తోంది, ఒకటే తెలుపు. గుమ్మం దాటగానే ఈయన ఆగిపోయారు, అట్ట కళ్ళజోడు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. కింద పదకొండు మెట్లు, వచ్చేటప్పుడు లెక్కపెట్టాను, మా వృత్తి అలాంటిది. పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు. నేను ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ పట్టుకుని, "మెట్టు" అన్నాను. ఈయన కాలు కదపలేదు. ఇరవై ఆరేళ్ళలో ముందు అరిచేది ఎప్పుడూ తనే. ఆ తరవాత, "మెట్టు" అన్నారు, కాలు దింపారు. మెట్టు, మెట్టు. ఎదురొస్తున్న వాళ్ళు మమ్మల్ని వింతగా చూసి పక్కకి తప్పుకున్నారు. నాలుగో మెట్టు మీద నాకు చిలిపితనం ఆగలేదు. "చూడకుండానే అంటున్నారు. మీ రూలు ఏమైంది?" అన్నాను.

"నువ్వు చూశావుగా" అన్నారు.

ఇంకా ఏడు మెట్లున్నాయి. ఒక్కొక్కటీ చూసే చెప్పాను.